బయటికి తిరిగిన పాదం

మా అత్త పోయి నెల దాటింది. ప్రొద్దుటూరులో మా వీధికీ, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి విరిగిన చేతులతో ఆమె దగ్గరికి వచ్చిన ఆడవాళ్లకూ ఆ కబురు తెలుసు. ఎలా పోయిందో మాత్రం చాలామందికి తెలియదు. అది చెప్పవలసింది నేనే.

ఎముకలకు కట్టు కట్టడం మా ఇంటి పని. మామ పోయాక మగవాళ్లకు మా బావ, అంటే నా భర్త అన్న, వసారాలో కట్టేవాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ అత్త లోపలి గదిలో కట్టేది. కోడిగుడ్డు సొన, మినపపిండి, వెదురు బద్దలు, పాత పంచె గుడ్డ. ముట్టుకునే ముందు పొయ్యి దగ్గర అరచేతులు వెచ్చ చేసుకునేది. విరిగిన చోటును వేళ్లు వెతుకుతుంటే కళ్లు మాత్రం మనిషి ముఖం మీదే ఉండేవి.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను తల ఎత్తేదాన్ని కాదు. ఆమె నన్ను ఏమీ అడగకుండా నా ఒంటి మీదే ఎముకలు నేర్పింది. మణికట్టు నొక్కి, "ఈడ ఎనిమిది ఉండాయి చూడు, చింతగింజల మాదిరి," అనేది. పక్కటెముకలు పన్నెండు జతలనీ, అడుగు రెండు జతలకు ముందు వైపు ఆధారం ఉండదనీ నా పక్కలు తడిమి చూపించేది. నాకు చక్కిలిగింత పుట్టి మెలికలు తిరిగితే, "నీ మొగునికి చెప్తాలే," అని నవ్వేది. పిల్లల ఎముక పచ్చి పుల్ల లాంటిది, ఒక పక్క చీలి వంగుతుంది, తొందరగా అతుక్కుంటుంది. ముసలి ఆడదాని ఎముక చెదలు తిన్న వాసం. పైకి బాగానే ఉంటుంది, లోపల డొల్ల. వంగిపోయిన ముసలమ్మల వీపు మీద చెయ్యి వేసి, వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి ఎలా అణిగిపోయాయో నా చేతికి తెలిసేలా చూపించేది.

ఒకసారి దువ్వూరు నుంచి ఒకామె ముంజేయి విరిగి వచ్చింది. బండల మీద జారిపడ్డానని చెప్పింది. అత్త కట్టు కట్టి పంపింది. ఆమె వెళ్లాక నాతో అంది, "పడినోళ్లకు మణికట్టు కాడ విరుగుతాది. ఇది నెత్తికి అడ్డం పెట్టుకున్న చెయ్యి." ఆ రోజు అత్త అన్నం తినలేదు.

ఆమెకు ఒక కట్టుబాటు ఉండేది. చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన ఎముక, వెన్ను, తుంటి. ఈ మూడూ ముట్టేది కాదు. తుంటి విరిగితే కాలు పొట్టిదై పాదం బయటికి తిరుగుతుందనీ, అలా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలనీ నాకు పదేపదే చెప్పేది. వచ్చినవాళ్లను తరిమేస్తోందని బావ విసుక్కునేవాడు.

ఆ పొద్దున బట్టలు ఉతికే బండ దగ్గర అత్త కాలు జారింది. పెద్ద ఎత్తు నుంచి పడింది కూడా కాదు. నేను పరుగున వెళ్లేసరికి కుడి కాలు పొట్టిగా ఉంది, పాదం పూర్తిగా పక్కకు వాలింది. బావ వచ్చాడు. వసారాలో కట్లకోసం వచ్చిన నలుగురైదుగురు లేచి చూస్తున్నారు. వాళ్ల ముందు సొంత తల్లిని ఆసుపత్రికి పంపడం ఆయనకు చేతకాలేదు. నరం పక్కకు జరిగిందన్నాడు.

"ఇది తుంటి నాయనా. మనది కాదు," అంది అత్త.

"నొప్పికి నీకు తెలీడంలే. గమ్మునుండు అమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చూసినావు గదా అమ్మీ. చెప్పు."

బావ ముందు చిన్నకోడలు నోరెత్తని ఇల్లు మాది. నేను కొంగు సర్దుకుని నేల చూశాను. ఆయన బద్దలు తెచ్చాడు. ఆయన కట్టు బిగిస్తుంటే కాలు పట్టుకున్నది కూడా నేనే.

నా భర్త బండల లారీ తోలుకుని బళ్లారి వైపు వెళ్లి ఉన్నాడు. ఫోన్‌లో అత్త పడిందని, బావ కట్టు కట్టాడని చెప్పాను. అంతకు మించి చెప్పలేదు. అత్త మంచం దిగలేదు. వీపు పుండు పడింది, దగ్గు మొదలైంది. ఒకరోజు ఆమెకు తల దువ్వుతున్నాను. "నీకు చూసేది నేర్పినా. చెప్పేది నేర్పలేదు," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

పదో రోజున నా భర్త వచ్చి ఆమెను చూసి, ఎవరినీ అడగకుండా కడపకు తీసుకెళ్లాడు. తుంటి గిన్నెలో నిమ్మకాయలా ఉండే తొడ ఎముక తల, దాని మెడ దగ్గర తెగి విడిపోయిందని డాక్టరు ఎక్స్‌రేలో చూపించాడు. మొదటి రెండు రోజుల్లో తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసి నడిపించేవాళ్లమన్నాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా కఫం, మత్తు ఇస్తే తట్టుకోలేదన్నాడు. బావ ఆ ఫిల్మ్ వైపు చూడలేదు. మరో వారానికి అత్త పోయింది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ముసలామె పడి, లేవలేక, పాదం బయటికి తిరిగి ఉంటే కట్టు కట్టించకండి. ఎవరు పక్కన నిలబడి ఉన్నా చెప్పండి. ఆ పొద్దున నేను చెప్పనిది ఈ మాటే.

దహనమైన మూడో రోజు ఎముకలు ఏరడానికి ఆడవాళ్లం వెళ్లలేదు. అక్కడ జరిగింది నా భర్త చెప్పాడు. ఒక్కొక్క ఎముకా పాలతో కడిగి కుండలో వేస్తున్నారట. బూడిదలో బావ చేతికి నిమ్మకాయంత గుండ్రటి ముక్క ఒకటి విడిగా దొరికింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పాలు పోశాడు. మళ్లీ పోశాడు. కుండ పట్టుకున్నవాళ్లు ఇక వెయ్యమన్నారు. చెంబు ఖాళీ అయినా వంచిన చెయ్యి ఎత్తకుండా, ఆయన అలాగే గొంతుక్కూర్చుని ఉండిపోయాడట.