బాలమ్మ తుడిచిన టీకాలు

1941 ఫిబ్రవరిలో నన్ను గద్వాల దవాఖాన నుంచి మల్దకల్ వైపు పల్లెలకు మసూచి టీకాలు వేసే పని మీద పంపారు. హోదా వ్యాక్సినేటర్. కాంపౌండరు కంటే తక్కువ, బంట్రోతు కంటే ఎక్కువ. నా పైన టీకాల ఇన్‌స్పెక్టరు, ఆయన పైన డాక్టరు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాలుగు ముక్కలు చదువుకున్నానన్న పొగరు మాత్రం డాక్టరుకంటే ఎక్కువే ఉండేది.

పని చూడ్డానికి సులువు. సన్నని గాజు గొట్టాల్లో మందు హైదరాబాదు నుంచి వచ్చేది. ఎండ తగిలితే చెడుతుంది కనుక తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టి మోసుకుపోవాలి. పిల్లవాడి చేతిని నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, నాలుగుచోట్ల చుక్క మందు పెట్టి, పళ్ళచక్రం లాంటి చిన్న పనిముట్టును దాని మీద గిర్రున తిప్పాలి. మందు ఆరేదాకా గుడ్డ తగలకూడదు, తడి తగలకూడదు. ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళి పొక్కులు లేచాయో లేదో చూసి రాసుకోవాలి. పొక్కు లేవకపోతే టీకా పడనట్టే.

మల్దకల్‌కు ఆరు మైళ్ళ దూరంలో ఒక ఊరు. పక్క ఊళ్ళో అప్పటికే తల్లి పోసింది. మసూచిని అక్కడ అలాగే అంటారు. తల్లి అంటే పోచమ్మ. జనం ఒప్పుకోరేమోనని భయపడుతూనే వెళ్ళాను. కానీ తిమ్మన్న అనే రైతు, ఊళ్ళో మాట చెల్లేవాడు, తన ఇద్దరు కూతుళ్ళనూ ముందుగా తెచ్చి నిలబెట్టాడు. ఆయన్ను చూసి అందరూ వచ్చారు. పోచమ్మకు పూజ చేసే కుమ్మరి ఈరన్న కూడా వచ్చి, ఈ మందు తల్లే పంపిందని పిల్లలకు ఒక మాట చెబుతానని, చెబితే పని సాఫీగా సాగుతుందని అన్నాడు. నేను నవ్వాను. ఇది సర్కారు పని, దీనిలోకి దేవతల్ని లాగొద్దని అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

తిమ్మన్న పెద్ద కూతురు బాలమ్మకు తొమ్మిదేళ్ళుంటాయి. నా పనికి కుడిభుజం అయింది. టీకా అయిన ప్రతి బిడ్డనూ చేయి పట్టుకుని చావడి వెనక నీడకు తీసుకుపోయి మందు ఆరేదాకా కూర్చోబెట్టేది. ఇంత బుద్ధిమంతురాలిని ఈ జిల్లాలో చూడలేదని తిమ్మన్నతో అన్నాను కూడా.

ఎనిమిదో రోజు వెళ్ళి చూస్తే ఒక్క చేతి మీద కూడా పొక్కు లేదు. గీరిన గీతలు ఎండి పక్కు కట్టాయి, అంతే. మందు ఎండకు చచ్చిందేమోనని కుండను తిప్పి తిప్పి చూస్తుంటే బాలమ్మే వచ్చి చెప్పింది.

"నేనే తుడిచిన సారూ. మీ ముంగట తుడిస్తే మీరు కోపానికొస్తరని చావడి ఎన్కకు పోయినంక తుడిచిన. చేతి మీద గుర్తు తల్లి వెయ్యాలె, మనం వెయ్యొద్దు గదా."

వేపాకు, పసుపు నీళ్ళలో నూరి దగ్గర పెట్టుకుందట. ముందు తన చేయి తుడుచుకుంది, తర్వాత రెండేళ్ళ చెల్లెలిది, తర్వాత ఊరి పిల్లలందరివీ. పసుపు మరకలు చూసిన తల్లులు అది కూడా సర్కారు మందేననుకున్నారు. ఆ పిల్ల ముఖంలో దొంగతనం చేసిన జాడే లేదు. ఊరిని కాపాడానన్న నిబ్బరం ఉంది. నన్ను అదే వణికించింది.

తిమ్మన్న అక్కడే కూలబడ్డాడు. మనిషి గుర్తు వేస్తే పోచమ్మ తల్లి అలుగుతుందని ఆయన అమ్మ బాలమ్మకు రోజూ చెప్పేదట. ఆయనా ఆ మాటలతోనే పెరిగాడు. పెద్దయ్యాక తాను మనసు మార్చుకున్నాడు గానీ, మార్చుకున్న సంగతి బిడ్డకు చెప్పాలని తట్టలేదు. "మేం చెప్పిందే చేసింది సారూ. దాన్నేమనాలె?" అన్నాడు.

నా దగ్గర మందు లేదు. కబురు పెడితే హైదరాబాదు నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. నేను తిరిగి వెళ్ళేసరికి తిమ్మన్న వాకిట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. చిన్నపిల్ల పోయి మూడు రోజులైంది.

ఇంట్లో ఏడుపు లేదు. తిమ్మన్న భార్య కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఒరిగి ఉంది. బాలమ్మ గడపలో కూర్చుని నాకు నెమ్మదిగా చెప్పింది: "ఏడ్వొద్దు సారూ. తల్లి తీస్కపోయింది. ఏడిస్తే కోపానికొస్తది." చెల్లెలిని ఎత్తుకుని తిరిగిన పిల్ల, పెద్దముత్తైదువులా నాకు ఆచారం చెబుతోంది. ఎన్నో చావులు చూసిన ఉద్యోగం నాది. అంతగా దిమ్మెరపోయింది మాత్రం ఆ గడప ముందే.

టీకా అనగానే బాలమ్మ చేయి వెనక్కి దాచుకుంది. మిగతా పిల్లలు ఆమె ముఖం చూసి కదలడం లేదు. బలవంతంగా పట్టుకుని వేయిద్దామని తిమ్మన్న లేచాడు. నేను వద్దని, ఈరన్నను పిలిపించి పక్కన నిలబెట్టుకుని, పందొమ్మిది రోజుల కింద నేను నవ్విన మాటనే అన్నాను.

"ఈ మందు తల్లే పంపింది బిడ్డా."

వెంటనే చేయి చాచింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క అనుమానం లేదు. ఎదురు తిరిగినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. నాలుగు చుక్కలు పెట్టి చక్రం తిప్పాను. ఆమె కదలకుండా చూస్తూ, మూడోది అవుతుండగా అడిగింది.

"మొదటిసారి వచ్చినప్పుడు గీ మాట ఎందుకు చెప్పలే సారూ? చెల్లెది తుడ్వకపోదును."

ఈరన్న పక్కకు చూశాడు. నేను నాలుగోది తిప్పాను. ఆ మందు ఆరేదాకా తల ఎత్తలేదు.

ఎనిమిదో రోజున అందరికీ పొక్కులు లేచాయి. మొదటి విడత ఎందుకు పడలేదో రాయాల్సిన చోట, మందు ఎండకు చెడిందని రాశాను. కుండ జాగ్రత్త చేయలేదని ఇన్‌స్పెక్టరు చీవాట్లు పెట్టాడు. పడ్డాను.

పిల్లల్ని మతంలో పెంచడం వాళ్ళ బుర్రలు కట్టేయడం కాదా అని ఈ మధ్య చదువుకున్నవాళ్ళు వాదించుకుంటుంటే విన్నాను. నా పిల్లల్ని నేనూ గుడికి తీసుకుపోయాను కనుక గట్టిగా మాట్లాడే అర్హత నాకు లేదు. నాకు తెలిసింది ఇంతే. బాలమ్మకు నాయనమ్మ చెప్పింది, అడగనివ్వలేదు. నేనూ అబద్ధమే చెప్పాను, అడగనివ్వలేదు. తరువాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ ఊరికి పోయినా టీకా కుండ విప్పకముందు పిల్లల్ని కూర్చోబెట్టి, దీని గురించి మీ ఇంట్లో ఏం చెప్పారని అడిగేవాణ్ణి. వాళ్ళు అడిగినవన్నీ అయ్యాకే మొదటి చేయి కడిగేవాణ్ణి. అందువల్ల పని ఎప్పుడూ ఆలస్యమయ్యేది.