సుదర్శనం వదిలిన కేక

తిరుత్తణి చుట్టుపక్కల కొత్త ఇల్లు లేస్తే, నీళ్లతొట్టి మీద మూతబండ ఎత్తిపెట్టడానికి షణ్ముగం మేస్త్రి జట్టునే పిలిచేవారు. జట్టులో ఎనిమిదిమంది. కేక వేసేది మాత్రం సుదర్శనం ఒక్కడే. కొండమీది మురుగన్ సామిని తలచి అతను "మురుగనుక్కు" అని గొంతెత్తితే, మిగతా ఏడుగురూ "అరోగరా" అంటూ ఒక్క ఊపున బండ లేపేవాళ్లు. ఇరవై రెండేళ్లు అలాగే జరిగింది. సుదర్శనం గొంతు వింటే రాయికి సగం బరువు తగ్గుతుందని మేస్త్రి నలుగురిలో చెప్పుకునేవాడు. ఆ మాట చెవిన పడ్డ రోజు సుదర్శనం కాస్త ఛాతీ విరుచుకునే ఇంటికి నడిచేవాడు.

నిరుడు అతని భార్య వనజాక్షి మూడు నెలలు మంచం పట్టింది. కడంబత్తూరు చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని గంజి కాచి తెచ్చారు, తల దువ్వారు, పక్కన కూర్చుని ప్రార్థించారు. ఆమె లేచి తిరిగాక ఇద్దరూ చర్చికి పోవడం మొదలుపెట్టి, ఈ ఏడు బాప్తిస్మం తీసుకున్నారు. గోడమీది పటాలు తీసి అన్న ఇంట్లో ఇచ్చి రావడం సుదర్శనానికి అంత కష్టం కాలేదు. నోట్లో ఉన్నదాన్ని తీయడమే కష్టమైంది. గడపకు కాలు తగిలినా మురుగా, బస్సు తప్పిపోయినా మురుగా. అలా నోరు జారిన ప్రతిసారీ నాలుక కరుచుకుని, క్షమించు ప్రభువా అనుకునేవాడు. వనజాక్షి నవ్వేది.

"యాబై ఏండ్లు పలికిన నోరయ్యా అది. నిన్నా మొన్నా కడిగితే పోతాదా?"

పని దగ్గర మాత్రం అది నవ్వులాట కాలేదు. బాప్తిస్మం అయ్యాక వచ్చిన మొదటి పనికి, ఇకమీద కేక వేయనని జట్టుకు చెప్పాలనుకునే వెళ్లాడు. చెప్పలేదు. అందరూ వంగి అతని గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. నోరు పెగల్లేదు, చేతులు మాత్రం అలవాటుగా లేచాయి. అతని మూల ఒక్కటే పైకి లేచి, బండ ఎదురువైపు ఒరిగి, జట్టులోనే ఉన్న వనజాక్షి తమ్ముడు నటరాజ్ వేలు దాని కింద నలిగింది.

ఆస్పత్రిలో కట్టు కట్టేదాకా పక్కనే నిలబడి, అప్పుడు చెప్పాడు సుదర్శనం. "ఆ పేరు నా నోట రాలేదురా. ముందే చెప్పకుండా వంగినాను చూడు, అది నా తప్పు."

"నీ సామి నీకుండనీ బావా," అన్నాడు నటరాజ్. "నా గోరు యాడ పోయిందో ఆయన్నే అడిగి చెప్పు."

ముందే ఎందుకు చెప్పలేదన్నది సుదర్శనాన్ని వారం రోజులు తినేసింది. కూలి పోతుందనా? కాదు. కేక ఇంకొకడి చేతికి పోతుందని. తన గొంతు వింటే రాయి బరువు తగ్గుతుందన్న మేస్త్రి మాటను లోపల పెట్టుకుని మొక్కుతున్నది తనే. పటాలన్నీ తీసిన ఇంట్లో అదొక్కటి మిగిలిపోయింది.

మేస్త్రి దగ్గరికి వెళ్లి, కేక వదిలేస్తున్నానని, వాళ్లు ఏ పేరు తలచినా అడ్డం చెప్పనని, తన నోరు మాత్రం మూసుకుంటానని చెప్పాడు. అందరూ తప్పించుకునే మూల, వెనక్కి నడుస్తూ మోయాల్సిన మూల, తనకిమ్మన్నాడు.

"కేక లేకుంటే నువ్వెందుకప్పా నాకు?" అన్నాడు మేస్త్రి. గడ్డం గోక్కున్నాడు. "సరే, ఒక్క బండ చూస్తా. అది వంకర పోయిందా, రైలెక్కి మద్రాసు పో, వాచ్‌మన్ పని చూసుకో."

మూడు వారాలకు పని వచ్చింది. కట్టు వేలితో బరువు ఎత్తలేడు గనక కేక నటరాజ్‌కే వచ్చింది. సుదర్శనం వెనక మూల పట్టుకుని వంగాడు. నటరాజ్ గొంతు సవరించుకున్నాడు. ఆ కేకలో గొంతు ఎక్కడ జారుతుందో, దాన్ని ఎక్కడ సాగదీయాలో సుదర్శనానికి తెలుసు. నాలుక కొసన దురదగా ఉంది. దిగమింగాడు.

నటరాజ్ కేక వేయలేదు. మంచి చేత్తో గడ్డపార అందుకుని బావ వైపు చూశాడు.

"రెండుసార్లు కొడతా. రెండోదానికి ఎత్తు. మాట మాకు, దెబ్బ నీకు. ఇంగో వేలు పోగొట్టుకునే ఓపిక నాకు లేదు బావా."

పక్కనున్న రాయి మీద గడ్డపార ఖంగున మోగింది. మళ్లీ మోగింది. దానితో కలిసే ఆరు గొంతులు "అరోగరా" అంటూ లేచాయి. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఏడోవాడూ లేచాడు. బండ నాలుగు మూలలూ ఒక్కసారే నేల వదిలాయి.

తొట్టి మీద బండ సర్దుకున్నాక మేస్త్రి వేలితో అంచు తడిమి చూశాడు. సుదర్శనానికి రెండో బండ వైపు చెయ్యి చూపించాడు.