పసుపు పెట్టని ఊరు

"మీదే ఊరు?" అని ఖటోదరా మగ్గాల పేటలో ఎవరైనా అడిగితే, "పుట్టింది సిరిసిల్ల, ఇప్పుడైతే థార్న్‌బెక్" అని నవ్వేవాడు గంగారాం. థార్న్‌బెక్ ఇంగ్లాండులో ఓ పల్లె. ఈయన చూసిందీ లేదు, చూడబోయేదీ లేదు. ఆ ఊరి కథంతా నేసి చర్చి గోడకు వేలాడదీస్తారట, ఆ పని ఈయన మగ్గానికి పడింది. వాగు, రాతి వంతెన, మూతపడ్డ ఉన్ని మిల్లు, గుట్ట మీద గొర్రెలు. నేసీ నేసీ ఆ ఊరి మలుపులన్నీ కంఠతా వచ్చేశాయి.

ఒక్క మూల మాత్రం ఉత్త తెలుపు. ఎందుకని అడిగితే మగ్గాల యజమాని సేఠ్ చెప్పాడు. వెనకటికి ఆ ఊరికి మహమ్మారి వచ్చిందట. పక్క ఊళ్ళకు అంటకూడదని జనం తమను తామే పొలిమేర లోపల కట్టడి చేసుకున్నారట. సగం ఊరు మట్టయిన పొలమే ఆ తెల్ల మూల. అది విన్నాక గంగారాం ఆ మూల నేసినన్నాళ్ళూ చెప్పులు విప్పి కూర్చున్నాడు.

ఓ రోజు పొద్దున బట్ట మగ్గం దిగింది. రోజూ నేసే థాన్లకు పసుపు ఎవడు పెడతాడు? ఇది మాత్రం సొంత ఊరిలా అనిపించింది మహానుభావుడికి. టిఫిన్ సంచిలో తెచ్చుకున్న పసుపు చిటికెడు తీసి, తడి వేలితో అంచుకు అద్దాడు. అది పాకి తెల్లటి మూలకెక్కింది.

అంచులు కుట్టే వినోద, ఆయన భార్య, చూసి నెత్తి కొట్టుకుంది. "నీ పసుపు మండ! పగటాల్లకు ఆ ఊరామె చూడనీకి వస్తది. డాగు కనవడితే ఆర్డరు పాయె, నీ మగ్గం పాయె!"

కంగారులో సబ్బు రుద్దింది. సబ్బు తగిలిన పసుపు ఊరుకుంటుందా? ఎర్రగా నెత్తురు మరకలా తేలింది.

"ఎండకు పోతది, మీదికి పా," అంది వినోద. ఇద్దరూ బట్టను డాబా మీదికి మోశారు. నిమ్మచెక్క పిండితే మళ్ళీ పసుపయింది, అంతే. ఇక సూర్యుడే దిక్కు. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా గంగారాం మొహం చూడలేకపోయాం అని తోటి కార్మికులు తర్వాత చెప్పుకున్నారు. కింద కారు ఆగిన చప్పుడయ్యేసరికి మరక వెలిసీ వెలవనట్టుంది. "ఇంక జర కాయి, ఎండ తల్లీ," అని గొణుక్కున్నాడు. సేఠ్ రెండుసార్లు కేకేశాక గానీ దించలేదు.

వచ్చినామె ముసలిది. వంతెన చూసింది, మిల్లు చూసింది, తెల్లటి మూల దగ్గర చేయి ఆపింది. ఆమె కళ్ళు తుడుచుకుని తలూపింది. మూల తెల్లగానే ఉంది.

ఆమె సేఠ్‌తో చాయ్‌కి వెళ్ళగానే గంగారాం గోడకు జారగిలబడ్డాడు. చివరి అంచు కుట్టాల్సిన వినోద సూది పక్కన పెట్టి, కొంగు ముడి విప్పింది. అందులో పసుపు.

"ఒసేయ్, పిచ్చి లేసిందా? ఇప్పుడే గండం గడిచింది!"

"మీ అమ్మ ఏమంటుండె? పసుపు పెట్టని కొత్తబట్ట పీనుగు మీదనే కప్పుతరని. గంతమంది సచ్చిన ఊరికి గట్లనే పంపుదామా?"

గంగారాం తలుపు వైపు ఓసారి చూసి, బట్ట అంచు పట్టి ఇచ్చాడు. వినోద మడత లోపల పొడి పసుపు అద్ది, అంచు రెండుసార్లు మడిచి కుట్టేసింది.

"గంగారాం, అయిందా?" లోపలినుంచి సేఠ్ కేక.

"అయింది సేఠ్," అన్నాడు, చెప్పులు విప్పి బట్ట చుట్టడానికి వంగుతూ.