ఆరు వేల దగ్గర ఆగిన ముల్లు

దయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. నాకు భయమల్లా "ఏం కాదులెండి" అనే మనుషులంటేనే. ఇది సగం అలాంటి ఒక మనిషి వల్ల, సగం నా వల్ల జరిగింది. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

మాది పాలకాయతిప్ప దగ్గర, సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న నలభై ఏళ్ళుగా వేటకి వెళ్తున్నాడు. పడవ నెట్టే ముందు ప్రతి తాడూ, ప్రతి ముడీ చేత్తో తడిమి చూస్తాడు. "చూస్తే సరిపోదమ్మా, చెయ్యేసి చూడాలి" అంటాడు. లోటు ఏదైనా ఒడ్డు మీదే చెప్పాలి. పడవ నీళ్ళలోకి దిగాక తాడు పాతబడిందనో, డీజిల్ తక్కువుందనో నోరెత్తితే అపశకునం. చిన్నప్పుడు అలా అన్నందుకు నేను దెబ్బలు కూడా తిన్నాను.

నేను స్కైడైవర్‌ని. విమానంలోంచి దూకి, కొంత దూరం రాయిలా పడి, ఆ తర్వాత పారాచూట్ తెరుచుకునే పని. రెండేళ్ళ క్రితం బందరు బీచ్‌లో ఏదో ఉత్సవం చేస్తూ మా జట్టుని పిలిచారు. మా వైపు దూకడం అదే మొదటిసారి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ ఉదయం పెద్దమనుషులు అనుకున్న టైముకన్నా ముందే బీచ్‌కి వచ్చేశారని కబురొచ్చింది. ఒకరి సామాను ఇంకొకరు చేత్తో పట్టి చూడడం మా పనిలో మొదటి నియమం. మా జట్టు కెప్టెన్ దూరం నుంచే ఒక చూపు చూసి, "అన్నీ బాగానే ఉన్నాయండీ దుర్గగారూ, ఎక్కండి ఎక్కండి, అక్కడ జనం ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఎక్కాను.

నా ఎడమ మణికట్టుకి ఆల్టిమీటర్ ఉంది. ఎంత ఎత్తులో ఉన్నామో ముల్లుతో చూపించే వాచీ లాంటిది. విమానం పైకి లేస్తుంటే ఆ ముల్లు ఆరు వేల అడుగుల దగ్గర ఆగిపోయింది. గోటితో కొడితే ఒక్కసారిగా ఏడున్నర వేలకి ఎగిరింది.

ఆ క్షణమే చెప్పాల్సింది. కెప్టెన్ మోకాలు నా మోకాలికి తగులుతోంది. అయినా చెప్పలేదు. తలుపు మూశారు, నేల వదిలాం, నా లెక్కలో పడవ నీళ్ళలోకి దిగినట్టే. ఇంత చదువుకుని, ఇన్నిసార్లు దూకి, ఆ వెధవ శకునం కోసం నోరు నొక్కుకున్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

పది వేల అడుగుల దగ్గర దూకాం. మూడున్నర వేలకల్లా పారాచూట్ తెరవాలి. బందరు మీద నుంచి చూస్తే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు రొయ్యల చెరువులు. చెట్లో ఇళ్ళో ఉంటే నేల దగ్గరపడుతోందని కంటికి తెలుస్తుంది. నీళ్ళని చూస్తే ఏమీ తెలీదు. అందుకే ముల్లునే నమ్ముకున్నాను. ఆరు వేలు. ఇంకా టైముందనుకున్నాను. మళ్ళీ చూశాను. ఆరు వేలే.

అప్పుడు వినబడింది. "లాగెయ్! లాగెయ్!"

ఆ వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు తప్ప ఇంకేమీ వినబడదు. పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు. ఇది వినబడింది. వల లాగేటప్పుడు నాన్న సాగదీసి వేసే కేక. ఆలోచించలేదు, చెయ్యి వెనక్కి పెట్టి పారాచూట్ పిడి లాగేశాను.

పారాచూట్ విచ్చుకున్నాక కిందకి చూస్తే చెరువు గట్టు మీద మేత బస్తాలు లెక్కపెట్టొచ్చు. ఇంకో ఐదారు సెకన్లు ఆలస్యమైతే నేను లేను. ఆ గట్టు మీదే పడ్డాను.

కెప్టెన్ వచ్చి "ఏం కాలేదు కదండీ, వదిలేయండి" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. మనిషి తెరవకపోయినా పారాచూట్‌ని దానంతటదే తెరిచే పరికరం ఒకటి ఉంటుంది. నా దాని స్విచ్ ఆ రోజు వేసే లేదు. జట్టు పెట్టెలోంచి నాకిచ్చిన ఆల్టిమీటర్ అంతకుముందు ఎవరి చేతిలోంచో కింద పడిందట, తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశారట! చేత్తో పట్టి చూసి ఉంటే రెండూ నిమిషంలో దొరికేవి.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. భయపడతాడని ఏమీ చెప్పకూడదనుకున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

పొద్దున వల వేసే ముందు లోతు చూద్దామని, చివర సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలాడట. రెండు చేతులూ బారజాపితే ఒక బార. అక్కడ ఎప్పుడూ ఆరు బారల లోతే. ఆ రోజు ఇరవై బారల తాడూ అయిపోయింది, గుండు అడుగు తాకలేదు. నీళ్ళ మీద ఒక్క చెడ్డ మాట అననివ్వని మనిషి లేచి నిలబడి "లాగెయ్, లాగెయ్" అని కేకలేశాడట. వల ఇంకా పడవలోనే ఉంది. లాగడానికి అక్కడేమీ లేదు. తాడు పైకి తీసి మళ్ళీ వదిలితే ఆరు బారలే.

"ఎవర్ని లాగమన్నానో నాకే తెలీదమ్మా" అన్నాడు.

పడవలో ఆయనతో ఉన్నది మా అక్క భర్త సాంబశివరావు బావ. నాన్న కేకలేసినప్పుడు బావ అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ కేక అక్కకీ వినబడింది. అక్క ఫోన్లో ఆ కాల్ వచ్చిన టైము 9:42, నిమిషం కూడా మాట్లాడలేదు. నా హెల్మెట్ కెమెరాలో నేను చెయ్యి వెనక్కి పెట్టినప్పుడు కూడా 9:42. ఆ వీడియోలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. చాలాసార్లు విన్నాను.

ఆ జట్టు వదిలేశాను. ఇప్పుడు తలుపు మూశాక కూడా, గాల్లో ఉన్నా సరే, లోటు కనబడితే అరిచి మరీ చెప్తాను. నస మనిషి అంటున్నారు. అనుకోనీ.

నాన్న కేక నాకెలా అందిందో ఇప్పటికీ తెలీదు. ముప్పై కిలోమీటర్ల అవతల, సముద్రం మీద నుంచి ఆయన అరిస్తే నాకు వినబడింది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్న మనిషికి నేను ఒక్క మాట చెప్పలేకపోయాను. ఈ రెండింట్లో నాకు ఎక్కువ వణుకు పుట్టించేది రెండోదే.