కొత్త కస్టమరు

దుకాణం మూసేసినా టైలరు మెడలోంచి టేపు దిగలేదు. బట్ట కంటబడితే చాలు, అరచేత్తో నొక్కి నిమరనిదే ఊరుకోడు. మతిమరుపు ఇంకా ముదురుతుందని డాక్టరు చెప్పిన మర్నాడే, తన చొక్కాలన్నీ మంచం మీద కుప్పపోసుకుని కూర్చున్నాడు. పైకి గుండీలు గుండీల్లాగే కనబడనిచ్చి, లోపల నొక్కితే పడే టిచ్ బటన్లు కుట్టసాగాడు.

"లక్షణంగా ఉన్న చొక్కాలు! ఏంటి మామయ్యా ఈ పని?" అంది కోడలు.

పంటితో దారం కొరికి నవ్వాడు. "కొత్త కస్టమరు వస్తున్నాడమ్మా. వాడికి గుండీలు పెట్టుకోవడం రాదు. పైగా రోషం మనిషి, ఇంకొకళ్లని చెయ్యి వెయ్యనివ్వడు. నా చేతులాడుతున్నప్పుడే వాడి పని చేసిపెట్టెయ్యాలి."

ఆ కస్టమరెవరో కోడలికి అర్థమైంది. పక్కన కూర్చుని ఇంకో సూదికి దారం ఎక్కించి ఇచ్చింది.

కొన్నాళ్లకు వాడు రానే వచ్చాడు. ఓ ఉదయం ముసలాయనకు కోడలి పేరు నోటికి రాలేదు. చొక్కా తొడుక్కుని, గుండీ పట్టుకుని, తర్వాతేమిటో తోచక నిలబడిపోయాడు. ఆమె దగ్గరికి వచ్చేలోపే, పాత అలవాటు కొద్దీ అంచులు రెండూ కలిపి అరచేత్తో నొక్కి నిమిరాడు. టిక్కుటిక్కుమంటూ చొక్కా మూసుకుంది. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"ఎవడు కుట్టాడోగానీ, నన్ను బాగా ఎరిగినవాడే!"