రాజమల్లు కాక వద్దన్న గాలి

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి పూర్తి సీజను అది. అండమాన్‌లోని ఒక చిన్న దీవిలో స్కూబా ఇన్‌స్ట్రక్టర్‌గా నాకు తొమ్మిదో ఏడు. మాది మంథని. గోదావరిలో ఈత నేర్చుకుని సముద్రం పనిలో స్థిరపడ్డదాన్ని. వానాకాలం దీవుల్లో డైవింగ్ బాగా తగ్గిపోతుంది కాబట్టి, ఆ నెలల్లో కరీంనగర్ వచ్చి ఒక స్విమ్మింగ్ పూల్‌లో శిక్షణ ఇస్తుంటాను.

రాజమల్లు కాక నాకు అక్కడే పరిచయం. బొగ్గు గనుల్లో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యారు. చివర్లో ఆయనది మైనింగ్ సర్దార్ ఉద్యోగం. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు గనిలోకి పోయి, పైకప్పు, గాలి సరిగా ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే మనుషుల్ని రానివ్వాలి. గనిలో దిగిన మనిషి కదా, ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టర్ రాసిచ్చిన కాగితం కావాలన్నాను. మర్నాడే తెచ్చారు.

"ఇన్నేండ్లు భూమి కింద తిరిగిన బిడ్డా. నీళ్ల కింద ఏమున్నదో జర జూపియ్యి" అన్నారు.

పూల్‌లో మూడు రోజులు హాయిగా చేశారు. జనవరిలో భార్య సారమ్మతో కలిసి దీవికి వచ్చారు.

ఆ పొద్దున గుండెల్లోతు నీళ్లలో నిలబెట్టి రెగ్యులేటర్ నోటికిచ్చాను. సిలిండర్‌లోని గాలిని పీల్చుకోవడానికి వీలుగా అందించే పరికరం అది. కాక రెండుసార్లు ఊపిరి తీసి, దాన్ని బయటికి లాగేశారు.

"నేను దిగ బిడ్డా."

ఒడ్డున ఉన్న సారమ్మ నవ్వింది. "బొగ్గు బాయిల దిగినోనివి, గీ నీళ్లకు భయపడ్తున్నవా?"

"భయం గాదే. గీ గాలి మంచిగ లేదు."

పూల్‌లో ధైర్యంగా ఉన్నవాళ్లు సముద్రం చూడగానే ఏదో సాకు చెప్పడం నాకు కొత్త కాదు. "అది రబ్బరు వాసన కాకా. కొత్తగ అందరికీ గట్లనే అనిపిస్తది" అన్నాను. వేరే రెగ్యులేటర్ బిగించి ఇచ్చాను. ఆయన ఒక్కసారి పీల్చి తల అడ్డంగా ఊపారు.

"రబ్బరు వాసన నాకు తెల్వదా? కరీంనగర్ల పీల్చిన గాలికి ఏ వాసనా లేకుండె. బాయిల బొగ్గు లోపల్లోపల కాగుతుంటే ముందుగాల గిసోంటి వాసననే వస్తది. గసోంటప్పుడు నేను మనుషులను బయటికి పంపిన."

అవతల పడవలో నలుగురు అతిథులు సిలిండర్లు తగిలించుకుని కూర్చున్నారు. ఆటు మొదలై నీళ్లు తగ్గితే పడవ కదలదని పడవ నడిపేవాడు కేకలేస్తున్నాడు. కాకను తృప్తిపరచడానికే సిలిండర్ వాల్వు కొంచెం తిప్పి వాసన చూశాను. మొదట ఏమీ తెలియలేదు. రెండోసారి, చాలా పలచగా, కాలిన నూనె వాసన తగిలింది.

"ఎవరూ దిగొద్దు!" అని అరుచుకుంటూ పడవ వైపు పరుగెత్తాను. నీళ్లలో పరుగెత్తడమంటే సగం పడటమే. అప్పటికే ఒకాయన పడవ అంచు మీద కూర్చుని రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోబోతుంటే ఆపాను.

సంగతి కంప్రెసర్ షెడ్డులో తేలింది. కంప్రెసర్ అంటే సిలిండర్లలోకి గాలి నింపే యంత్రం. ఆ పొద్దున కరెంటు పోతే జనరేటర్ మీద నడిపారు. జనరేటర్‌ను ఎప్పుడూ ఉండేచోట కాకుండా గాలి లాగే గొట్టం పక్కనే పెట్టారు. దాని పొగ నేరుగా సిలిండర్లలోకి వెళ్లింది. పక్క డైవ్ సెంటర్ నుంచి పరీక్ష చేసే మీటరు తెచ్చి చూస్తే, ఉండకూడనంత కార్బన్ మోనాక్సైడ్! దానికి సొంత వాసన లేదు. వెంట వచ్చిన పొగ వాసనే మమ్మల్ని కాపాడింది. అలాంటి గాలి లోతుకు పోయేకొద్దీ మరింత ప్రమాదం. పైన తలనొప్పితో పోయేది, కింద స్పృహ తప్పిస్తుంది.

ఆ రోజుకు డైవింగ్ ఆపేశాం. సిలిండర్లన్నీ ఖాళీ చేసి, జనరేటర్‌ను దూరంగా జరిపి, గొట్టం చోటు కూడా మార్చాం. కాక షెడ్డంతా తిరిగి ఆ పని దగ్గరుండి చేయించారు. షెడ్డులో పనిచేసే మా బెంగాలీ వాళ్లకు తెలుగు రాదు, ఆయనకు బెంగాలీ రాదు. అయినా ఎవరూ ఆయన మాట దాటలేదు.

మర్నాడు కాక ముందుగా గాలి వాసన చూసి, "ఇగ నడువు" అన్నారు. ఎనిమిది మీటర్ల లోతులో ఆకుపచ్చ చిలుక చేపలు చుట్టూ తిరుగుతుంటే, ఆయన మాత్రం నిమిషానికోసారి తల పైకెత్తుతున్నారు. ఏమైందోనని నేను సైగలతో అడుగుతూనే ఉన్నాను, ఆయన బాగుందని చెయ్యి చూపిస్తూనే ఉన్నారు.

పైకొచ్చాక నవ్వుతూ చెప్పారు. "అలవాటు బిడ్డా. ముప్పయ్యేండ్లు పైకి జూస్తే బండనే. గీడ ఎంత జూసినా వెలుగే ఉన్నది."

సారమ్మ ఊరుకోలేదు. "నాకూ గా సంచి కట్టుండ్రి, నేను గూడ జూస్త" అంది. ముందు డాక్టర్ కాగితం, పూల్‌లో నేర్చుకోవడం ఉండాలన్నాను. వచ్చే వానాకాలం కరీంనగర్ పూల్‌లో తన పేరే మొదట రాయమని అక్కడికక్కడే మాట తీసుకుంది.

అప్పటి నుంచి ప్రతి సిలిండర్‌నూ నేనే వాసన చూస్తాను, మీటరు పెట్టి కూడా చూస్తాను. ఎవరైనా దిగనంటే ధైర్యం చెప్పే ముందు కారణం అడుగుతాను. కొత్త ఇన్‌స్ట్రక్టర్లకు ఇంకో విషయం కూడా దాచకుండా చెబుతాను: పడవవాడు ఇంకొక్క కేక వేసి ఉంటే, ఆ రోజు కాకను బతిమాలి నేనే దింపేదాన్ని.