ముక్కు మాస్టర్

ఆ దర్జీ షాపులో కటింగ్ మాస్టర్‌కి ఒకటే పిచ్చి, ఎదుటివాళ్ళ ముక్కు. ఎవరు చీదినా కత్తెర కింద పెట్టి, వాళ్ళను ఇంటికి తరిమేసేవాడు. అందరూ అతన్ని ముక్కు మాస్టరనేవారు. అక్కడే మిషను కుట్టే సొంత మేనకోడలికి కూడా మినహాయింపు లేదు. ఆమెకు మావయ్యంటే ఒళ్ళు మండిపోయేది.

తరమడంతో ఊరుకున్నా బాగుండేది. ఉపన్యాసం ఒకటి. జలుబు వైరస్ చేతుల మీదుగా ముక్కులోకి చేరుతుందట, లోపలి పొరలోని కణాల్లో దూరి సంతానం పెంచుకుంటుందట. చీమిడీ తుమ్ములూ మాత్రం దాన్ని వెళ్ళగొట్టడానికి మన ఒళ్ళే చేసే రభసట. అతను మొదలెట్టాడంటే మిషన్లన్నీ ఒక్కసారిగా జోరందుకునేవి. సూదిలోకి దారం ఎక్కించేముందు కొస నోట్లో తడపడం కుట్టేవాళ్ళందరికీ అలవాటే. అతను దాన్నీ మాన్పించి నీళ్ళగిన్నె పెట్టించాడు. షాపులో అందరూ అత్త అని పిలిచే, కాజాలు కుట్టే ముసలావిడకు చూపు ఆనదు. ఆమె సూదుల్లోకి దారం తనే ఎక్కించేవాడు, వాటిని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కటింగ్ బల్ల దగ్గర నిలబడాలని మేనకోడలికి ఎన్నేళ్ళుగానో ఆశ. బల్లకు రెండో మనిషి కావలసివచ్చి, యజమాని ఆమెను ఒక కోటు కత్తిరించి చూపించమన్నాడు. తీరా ఆ ఉదయమే ముక్కు కారింది. మావయ్య యజమాని ఎదుటే ఆమెకు గుమ్మం చూపించాడు. జలుబు తగ్గి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర చొక్కాలు కుట్టేవాడు నిలబడి ఉన్నాడు.

"నోటికాడి కూడు లాగేశావు మావయ్యా," అంది.

అతను ఆమెను ఇస్త్రీ బల్ల వెనక్కి పిలిచాడు. "నీకైతే ముక్కు కారి ఊరుకుంటుంది. అత్తకైతే ఛాతీలోకి దిగుతుంది. పోయిన జలుబుకి ఊపిరాడక ఆస్పత్రి పాలైంది. అది తెలిస్తే యజమాని ఆవిణ్ణి పనిలో ఉంచుతాడా?"

"నాకైనా చెప్పచ్చుగా."

"ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. ఇవాళ నీ దగ్గర ఆ ఒట్టు కాస్తా తప్పాను. నీ బల్ల పోతుందని నాకు తెలుసే. తెలిసే పంపాను."

క్షమించమని మాత్రం అడగలేదు. ఆమె కోపం ఎవరి మీద పడాలో తెలియక మిషను మీద పడింది. ఆ పూట మూడుసార్లు సూది విరిగింది.

కొన్నాళ్ళకు ఆ చొక్కాలవాడు తుమ్ముతూ వచ్చాడు. మావయ్య గుడ్డ కొనడానికి వెళ్ళి ఉన్నాడు. మేనకోడలు లేచి, అతని చేతిలో కత్తెర లాక్కుని, ఇంటికెళ్ళి చీదుకోమంది. బల్ల మీద కన్నుకుట్టి తరిమేసిందని షాపంతా గుసగుసలు పోయింది. చివరికి అత్త కూడా చీవాట్లు పెట్టింది.

"పాపం, అతని పని పాడుచేస్తే నీకేం వస్తుందే? ఇంత కుళ్ళు పనికిరాదు."

ఆమె నవ్వాపుకుని తలొంచుకుంది. కాదనలేదు. అందులో సగం నిజమే మరి.